ఫర్నిచర్ పని మీద ఇండోనేషియాలోని జెపారాలో ఆరు నెలలు ఉండాలి. ఆ ప్రాంతం ఎలా ఉంటుంది?

నేను కూడా ఫర్నిచర్ క్వాలిటీ చెకింగ్ పని మీదే అక్కడ రెండేళ్లు ఉన్నాను. మీరు అడిగింది ఊరి గురించి, కానీ జెపారాలో ఊరూ పనీ వేరు కావు.

సెమరాంగ్‌లో విమానం దిగి కారులో రెండు గంటల పైన పడుతుంది. మధ్య జావా ఉత్తర తీరం అది. ఒక పక్క సముద్రం, ఇంకో పక్క మురియా అనే చల్లారిన అగ్నిపర్వతం. ఒకప్పుడు ఈ మురియా విడిగా ఉన్న ద్వీపమట, మధ్యలోని పాయ ఒండ్రుతో పూడి జావాలో కలిసిపోయింది. జిల్లాను కబుపాతెన్ అంటారు, జిల్లా పెద్దను బుపాతి అంటారు. అది మన ‘భూపతి’ అని తెలిసిన రోజు భలే సంతోషమేసింది. ఆడపిల్లల చదువు కోసం తపించిన కార్తిని 1879లో ఈ జిల్లాలోనే పుట్టారు. ఆవిడ తండ్రి ఆ తర్వాత జెపారా బుపాతి అయ్యారు. ఇక్కడి చెక్కడం పనివాళ్ల సరుకుకు బయటి ఊళ్లలో గిరాకీ తెచ్చిపెట్టడానికి ఆవిడ చాలా పాటుపడ్డారు.

పని సంగతికొస్తే, పెద్ద ఫ్యాక్టరీల కోసం చూడకండి. తహునన్ రోడ్డు మీద వరసగా షోరూములు కనిపిస్తాయి, కానీ చాలా సరుకు తయారయ్యేది ఇళ్ల దగ్గరి షెడ్లలో. ఒక చోట ఫ్రేమ్ బిగిస్తారు, ఇంకో చోట చెక్కుతారు, మరో చోట ఆడవాళ్లు గరుకు కాగితంతో రుద్ది నునుపు చేస్తారు. ఊరికో విద్య: ముల్యోహార్జోలో శిల్పాలు, సెనెనన్‌లో పలకల మీద ఉబ్బెత్తు చెక్కడాలు, త్రోసోలో మన పోచంపల్లిలా దారం ముడులు వేసి రంగులద్దే ఇకత్ నేత. 1559 నాటి మంతింగన్ మసీదు తప్పకుండా చూడండి. గోడల మీది రాతి పలకల్లో జంతువుల ఆకారాలను ఆకుల్లో, తీగల్లో కలిపేశారు. ఆ చేతి నేర్పు ఇప్పటికీ ఆ ఊళ్లలో బతికే ఉంది.

ఒక్క విషయంలో గట్టిగా ఉండండి. మొదటి వానాకాలంలో ఒక సరఫరాదారు మాట నమ్మి, తేమ చూడకుండా నిద్రగన్నేరు చెక్క టేబుళ్లకు ఓకే చెప్పాను (అక్కడ ఆ చెక్కను సువార్ అంటారు). కంటైనర్ అవతలి ఒడ్డు చేరేసరికి సగం బల్లలు పగుళ్లిచ్చాయి. అంత టెన్షన్ ఎప్పుడూ పడలేదు. ఆ తర్వాత తేమ కొలిచే మీటరు లేకుండా షెడ్డులోకి అడుగు పెట్టలేదు, 12 శాతం దాటితే వెనక్కి పంపేదాన్ని.

రంజాన్ పండగ చుట్టుపక్కల డెలివరీలు పెట్టుకోకండి, పనివాళ్లు సొంతూళ్లకు వెళ్లిపోతారు. మీరు మాత్రం ఉండిపోండి. పండగైన వారానికి లొంబన్ జరుగుతుంది. జాలర్లు దున్నపోతు తలను పడవలో తీసుకెళ్లి సముద్రానికి సమర్పిస్తారు, వెనకాల రంగురంగుల పడవలు బారులు తీరతాయి. కరిమున్‌జవా దీవులకు వెళ్లాలనుంటే జనవరి, ఫిబ్రవరి నెలలు వద్దు. అలలు పెద్దవై పడవలు ఆపేస్తుంటారు.