ఫోన్ ఖాళీ చేసే ముందు

బుజ్జీ,

ఆదివారం ఫోన్లో ఫోటోలన్నీ కంప్యూటర్లోకి ఎక్కించేసి, ఫోన్ ఖాళీ చేస్తావని మీ అమ్మ చెప్పింది. ఇన్నేళ్ల ఫోటోలకు ఓపిగ్గా పూనుకున్నావు, ఎంత సంతోషమో. 'ఖాళీ' అన్న మాట వినగానే మాత్రం గుండె గుభేలుమంది.

కేబుల్ పెట్టి, ఫోన్ నోటిఫికేషన్లో 'ఫైల్ ట్రాన్స్‌ఫర్' ఎంచుకో. ఫోటోలు డీసీఐఎం (DCIM) అనే ఫోల్డర్ లోపల 'కెమెరా' ఫోల్డర్లో ఉంటాయి. కంప్యూటర్లో ఈ ఫోన్‌కి ఒకే ఒక్క ఫోల్డర్ పెట్టు.

'కట్' మాత్రం నొక్కకు తల్లీ, 'కాపీ' నొక్కు. కట్ చేస్తే ఒక్కో ఫోటో ఇటు రాగానే ఫోన్లోంచి పోతుంది. మధ్యలో కేబుల్ కదిలిందా, కొన్ని అక్కడ, కొన్ని ఇక్కడ. ఆ కంగారులో మళ్లీ మళ్లీ వేరే ఫోల్డర్లలో పేస్ట్ చేస్తారు, డూప్లికేట్లు పుట్టేది అక్కడే. కంప్యూటర్ నుంచి ఫోన్లో తీసేసినవి రీసైకిల్ బిన్‌లోకి కూడా రావు. అందుకే ఇంతగా చెబుతున్నాను.

కాపీ అయితే ఆగినా భయం లేదు. ఆగినప్పుడు ఎక్కుతున్న చివరి ఫోటో సగమే వచ్చి ఉండొచ్చు, తెరిస్తే కింద సగం బూడిదరంగులో కనిపిస్తుంది. కంప్యూటర్లో దాన్ని తీసేసి, అదే ఫోల్డర్లోకి మళ్లీ కాపీ పెట్టు. ఆ పేరుతో ఫైలు ఉందని అడిగితే 'స్కిప్' అను. రెండూ ఉంచమన్నావా, పేరు చివర (2) తగిలించుకుని జంటలు తయారవుతాయి. ఆ ఫోల్డర్లో పేర్లు మార్చకు, ఫోటోలు వేరే చోటికి జరపకు. మార్చితే మళ్లీ కాపీ పెట్టినప్పుడు కంప్యూటర్ వాటిని గుర్తుపట్టక ఇంకోసారి ఎక్కిస్తుంది. ఒక్కసారే వేలకొద్దీ వద్దు, ఐదేసి వందలు చాలు.

గూగుల్ ఫోటోస్ నుంచి, వాట్సాప్ నుంచి మళ్లీ దింపుకోకు. వాట్సాప్ మామూలుగా పంపిన ఫోటోని కుదించేస్తుంది, పేరూ మారుస్తుంది. చూడ్డానికి అదే ఫోటో, ఫైలు వేరు. అచ్చం ఒకే ఫైళ్లను వెతికే సాఫ్ట్‌వేర్‌కి ఆ జంట దొరకదు. నువ్వే ఏరాల్సి వస్తే పెద్ద సైజుది ఉంచు.

రెండు వైపులా లెక్క సరిచూసి, ఇంకో హార్డ్ డిస్క్‌లోకి కూడా ఎక్కించాకే ఫోన్లో డిలీట్. బ్యాకప్ ఆన్‌లో ఉండగా గూగుల్ ఫోటోస్ యాప్‌లో డిలీట్ చేస్తే క్లౌడ్‌లోంచీ, అంటే గూగుల్ దగ్గర దాచిన కాపీ కూడా పోతుంది, అదీ గుర్తుంచుకో.

అమ్మమ్మ ఆవకాయ కలుపుతున్న ఫోటో ముందు ఎక్కించు. కంప్యూటర్లో తెరిచి బాగా పెద్దది చేసి చూడు. ఆవిడ గోళ్ల అంచున ఆవపిండి విడివిడిగా కనిపిస్తే అది అసలుదే.

మీ పెద్దమ్మ