టెక్ సందేహాలు: స్నాప్‌షాట్ ఉంటే బ్యాకప్ ఉన్నట్టేనా?

ఈ వారం వచ్చిన ప్రశ్నల్లో ఒకే విషయం చుట్టూ తిరిగేవి కొన్ని ఉన్నాయి. అందుకే వాటిని ఒకచోట చేర్చి జవాబిస్తున్నాను.

ప్రశ్న: మాది కరీంనగర్‌లో ఫొటో స్టూడియో. కంప్యూటర్లో లినక్స్ మింట్ ఆపరేటింగ్ సిస్టమ్‌ను బీటీఆర్‌ఎఫ్‌ఎస్ ఫైల్ సిస్టమ్‌తో (డిస్కులో ఫైళ్లను అమర్చే పద్ధతి) వేసుకున్నాం. టైమ్‌షిఫ్ట్ అనే సాధనంలో స్నాప్‌షాట్ తీస్తే రెండు సెకన్లలో అయిపోతోంది. డిస్కులో 600 జీబీ పెళ్లి ఫొటోలు, వీడియోలు ఉన్నాయి. అంత డేటా అంత త్వరగా ఎలా కాపీ అవుతోంది? ఇక ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్ కొనక్కర్లేదా?

కొనండి, వీలైతే ఈ వారమే కొనండి. ఆ రెండు సెకన్లలో మీ ఫొటో ఒక్కటి కూడా కాపీ కాలేదు.

అలాగని స్నాప్‌షాట్ ఉత్తిదేమీ కాదు, అది పనిచేసే పద్ధతి వేరు. డిస్కులో ఫైలు చిన్న చిన్న బ్లాకులుగా ఉంటుంది. ఏ ఫైలు ఏయే బ్లాకుల్లో ఉందో ఫైల్ సిస్టమ్ విడిగా ఒక జాబితాలో రాసుకుంటుంది. పుస్తకానికి విషయసూచిక ఎలాగో, డిస్కుకు ఈ జాబితా అలాగ. స్నాప్‌షాట్ అంటే ఆ సూచికను ఆ క్షణంలో ఉన్నది ఉన్నట్టు పట్టి ఉంచడమే, పేజీల జోలికి పోదు. అందుకే డిస్కులో 6 జీబీ ఉన్నా 600 జీబీ ఉన్నా దాదాపు అంతే సమయం పడుతుంది.

ఒక ఫొటో 101, 102, 103 నంబర్ల బ్లాకుల్లో ఉందనుకుందాం. ఉదయం పదింటికి స్నాప్‌షాట్ తీశారు. పదకొండింటికి ఆ ఫొటోలో కొంత మార్చి సేవ్ చేశారు. మారిన భాగం 102లో ఉంది. మామూలు ఫైల్ సిస్టమ్ అయితే 102 మీదే కొత్తది రాసేస్తుంది, పాతది పోయినట్టే. బీటీఆర్‌ఎఫ్‌ఎస్ అలా చేయదు. కొత్త భాగాన్ని ఖాళీగా ఉన్న ఇంకో బ్లాకులో, 870లో అనుకోండి, రాస్తుంది. ఇప్పుడు మీ ఫొటో జాబితా 101, 870, 103. స్నాప్‌షాట్ జాబితా మాత్రం ఇంకా 101, 102, 103. రెండూ పూర్తి ఫొటోలే, కానీ అదనంగా ఖర్చయింది ఒక్క బ్లాకు. మధ్యాహ్నం ఎవరో పొరపాటున ఆ ఫొటోను డిలీట్ చేశారు. 870 ఖాళీ అవుతుంది. మిగతా మూడింటిని స్నాప్‌షాట్ పట్టుకుని ఉంది కాబట్టి ఫైల్ సిస్టమ్ వాటిని ముట్టుకోదు. పదింటి నాటి ఫొటోను మీరు క్షణాల్లో వెనక్కి తెచ్చుకోవచ్చు.

ఇక్కడే అసలు చిక్కు ఉంది. 101, 103 బ్లాకులు డిస్కు మీద ఒక్కొక్కటే ఉన్నాయి, వాటినే రెండు జాబితాలూ చూపిస్తున్నాయి. 101 ఉన్నచోట డిస్కు పాడైతే ఫొటో, స్నాప్‌షాట్ రెండూ పోతాయి. యాభై స్నాప్‌షాట్లు తీసి పెట్టుకున్నా ఆ బ్లాకు ఒక్కటే. డిస్కు మొత్తం చచ్చిపోయినా, కంప్యూటర్‌ను దొంగలు ఎత్తుకుపోయినా సంగతి చెప్పనక్కర్లేదు. స్నాప్‌షాట్ మన చేతి పొరపాట్ల నుంచి కాపాడుతుంది, అప్‌డేట్ చెడగొట్టిన సిస్టమ్‌ను నిలబెడుతుంది. డిస్కును మాత్రం కాపాడలేదు.

మీ విషయంలో ఇంకో ప్రమాదం కనిపిస్తోంది. టైమ్‌షిఫ్ట్ సిస్టమ్ ఫైళ్ల కోసం చేసిన సాధనం. అది హోమ్ ఫోల్డర్‌ను మామూలుగా వదిలేస్తుంది. అంటే పెళ్లి ఫొటోలు హోమ్‌లో ఉంటే అవి స్నాప్‌షాట్‌లో కూడా లేకపోవచ్చు. సెట్టింగ్స్‌లో హోమ్‌ను చేర్చే ఆప్షన్ ఉంది, వెంటనే చూసుకోండి. దాన్ని ఆన్ చేశాక ఒక్క ఫైలు కోసం ‘రీస్టోర్’ నొక్కకండి. హోమ్‌ను కూడా రీస్టోర్ చేస్తే ఆ తర్వాత మీరు చేసిన పని అంతా వెనక్కి పోతుంది. ‘బ్రౌజ్’ నొక్కి స్నాప్‌షాట్ తెరిచి, కావాల్సిన ఫైలును బయటికి కాపీ చేసుకుంటే చాలు.

కొత్త హార్డ్‌డిస్కును కూడా బీటీఆర్‌ఎఫ్‌ఎస్‌లోనే ఫార్మాట్ చేస్తే స్నాప్‌షాట్ల వల్ల మంచి ప్రయోజనం ఉంది. మొదటిసారి 600 జీబీ మొత్తం వెళ్తుంది, దానికి గంటలు పడుతుంది. తర్వాతి నుంచి పాత స్నాప్‌షాట్‌కూ కొత్తదానికీ మధ్య మారిన బ్లాకులే వెళ్తాయి. దీన్ని ‘సెండ్, రిసీవ్’ అంటారు. బీటీఆర్‌బీకే అనే ఉచిత సాధనం ఈ పనిని రోజూ దానంతట అదే చేస్తుంది. కమాండ్లతో ఇబ్బంది అనుకుంటే ఆర్‌సింక్, పికా బ్యాకప్ లాంటి సాధనంతో మామూలుగా కాపీ చేసుకోండి, అదీ మంచి బ్యాకపే.

ప్రశ్న: నేను డాలస్‌లో చదువుకుంటున్నాను. మ్యాక్‌బుక్‌లో 70 జీబీ వీడియోలు డిలీట్ చేసి, ట్రాష్ కూడా ఖాళీ చేశాను. డిస్క్ యుటిలిటీలో చూస్తే అసలైన ఖాళీ పెరగలేదు. ఎందుకు?

పై జవాబులో 101, 102, 103 బ్లాకుల సంగతే ఇక్కడ మీకు జరిగింది. 2017లో వచ్చిన మ్యాక్‌ఓఎస్ హై సియెర్రా నుంచి ఆపిల్ వాడుతున్న ఏపీఎఫ్‌ఎస్ కూడా ఇలాంటి ఫైల్ సిస్టమే. మ్యాక్‌లోని బ్యాకప్ సాధనం టైమ్ మెషీన్ ఆన్‌లో ఉంటే లోకల్ స్నాప్‌షాట్లు దాదాపు గంటకొకటి తీసి 24 గంటలు ఉంచుతుంది. మీరు తీసేసిన వీడియోలను అవి పట్టుకుని ఉన్నాయి. ఒక రోజు ఆగితే చాలావరకు వాటంతట అవే పోతాయి. ఆగలేకపోతే డిస్క్ యుటిలిటీ వ్యూ మెనూలో ఏపీఎఫ్‌ఎస్ స్నాప్‌షాట్లు చూపించే ఆప్షన్ ఎంచుకుని అక్కడ తొలగించండి. కానీ ఆ వీడియోలు మళ్లీ అక్కర్లేదని రూఢి చేసుకున్నాకే ఆ పని చేయండి.

ప్రశ్న: గుంటూరులో అకౌంటెంట్‌ని. విండోస్‌లో ఫైలు మీద రైట్ క్లిక్ చేస్తే ‘ప్రీవియస్ వెర్షన్స్’ ఉంటుంది కదా, ర్యాన్సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే ప్రోగ్రామ్) వస్తే ప్రీవియస్ వెర్షన్స్‌తో ఫైళ్లు వెనక్కి తెచ్చుకోవచ్చా?

దాని మీద ఆశ పెట్టుకోవద్దు. విండోస్ షాడో కాపీ అనే పద్ధతి వాడుతుంది. బ్లాకు మీద కొత్తది రాసే ముందు పాతదాన్ని తీసి పక్కన దాస్తుంది. దాచే చోటుకు పరిమితి ఉంటుంది, అది నిండితే పాతవి పోతాయి. అంతకన్నా ముఖ్యమైన సంగతి, అడ్మిన్ అధికారం ఉన్న ఏ ప్రోగ్రామైనా ఒక్క కమాండ్‌తో వాటన్నిటినీ తుడిచేయగలదు. 2017 మేలో వ్యాపించిన వానాక్రై అనే ర్యాన్సమ్‌వేర్ ఫైళ్లకు తాళం వేయడంతో పాటు షాడో కాపీలనూ తొలగించేది. అప్పట్లో ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖలోని కొన్ని కంప్యూటర్లు కూడా దాని బారిన పడ్డాయి. మీ క్లయింట్ల ఖాతాలను ఎక్స్‌టర్నల్ డిస్కులోకి కాపీ చేయగానే కేబుల్ పీకేయండి. తగిలించి ఉంచిన డిస్కుకూ ర్యాన్సమ్‌వేర్ తాళం వేస్తుంది. రెండు డిస్కులు పెట్టుకుని వారం మార్చి వారం వాడితే ఇంకా నయం.

ప్రశ్న: మా డిగ్రీ కాలేజీ లైబ్రరీ సర్వర్‌లో కోహా అనే లైబ్రరీ సాఫ్ట్‌వేర్ నడుస్తోంది. జెడ్‌ఎఫ్‌ఎస్ (ఇదీ స్నాప్‌షాట్ తీసే ఫైల్ సిస్టమే) స్నాప్‌షాట్ తీసే ముందు డేటాబేస్ నడిపే మైఎస్‌క్యూఎల్‌ను ఆపాలా?

మైఎస్‌క్యూఎల్ టేబుళ్లను దాచే పద్ధతుల్లో ఇన్నోడీబీ ఒకటి, టేబుళ్లన్నీ అందులో ఉంటే ఆపక్కర్లేదు. నడుస్తున్న డేటాబేస్‌కు తీసిన స్నాప్‌షాట్ తెరిస్తే, సరిగ్గా ఆ క్షణంలో కరెంటు పోయిన సర్వర్‌ను మళ్లీ ఆన్ చేసినట్టే ఉంటుంది. ఇన్నోడీబీ తన లాగ్ (చేసిన మార్పులను రాసుకునే చిట్టా) చూసుకుని సర్దుకుంటుంది. అందుకు డేటా, లాగ్ రెండూ ఒకే క్షణానివి అయి ఉండాలి. అవి వేర్వేరు డేటాసెట్లలో (జెడ్‌ఎఫ్‌ఎస్‌లో విడిగా స్నాప్‌షాట్ తీయగల భాగాలు) ఉంటే విడివిడిగా తీయకండి. పైనున్న డేటాసెట్‌కు రికర్సివ్ స్నాప్‌షాట్ తీస్తే కిందివన్నీ ఒకేసారి పడతాయి. మైఐశామ్ అనే ఇంకో పద్ధతిలోని టేబుళ్లు మిగిలి ఉంటే మాత్రం ముందు లాక్ వేసి తీయాలి. దీనితో పాటు రోజూ రాత్రి మైఎస్‌క్యూఎల్ డంప్ (డేటాబేస్ మొత్తాన్ని ఫైలుగా రాసిన కాపీ) ఒకటి తీసి వేరే కంప్యూటర్‌కు పంపండి. నెలకోసారి ఆ డంప్‌ను అక్కడ లోడ్ చేసి, పుస్తకాల సంఖ్య, సభ్యుల సంఖ్య సర్వర్‌తో సరిపోయాయో లేదో చూడండి.