పాఠకుల ప్రశ్నలు: మేయర్ విలన్ అయితే...

ప్రశ్న: నెల్లూరు కార్పొరేషన్ నేపథ్యంలో అవినీతి మీద థ్రిల్లర్ కథ రాస్తున్నాను. మేయర్ ఒక్క సంతకంతో రోడ్ల పనులు బినామీకి ఇచ్చేస్తాడు. నమ్మేలా ఉంటుందా?
– ఒక పాఠకుడు, కావలి

జవాబు: ఉండదండీ. న్యూయార్క్‌లో మేయరే పాలనకు అధిపతి. శాఖల కమిషనర్లను పెట్టేదీ తీసేదీ ఆయనే. హాలీవుడ్ మేయర్ విలన్లకు ఆ బలం అక్కణ్ణుంచే వచ్చింది. మన మేయర్ కౌన్సిల్‌కు అధ్యక్షత వహిస్తాడు, ఫైళ్లు నడిపేది కమిషనర్. కాబట్టి మీ మేయర్ అజెండాలో అంశం పెట్టించాలి, మాట వినని కమిషనర్‌ను పైవాళ్లతో చెప్పి బదిలీ చేయించాలి. ఎక్కడా తన సంతకం పడనివ్వకూడదు. విలనీ అంటే అదీ!

టెండరు కంటే కొలతల్లో కథ ఎక్కువ. 100 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు, 15 సెంటీమీటర్ల మందంతో సీసీ రోడ్డు వేయాలంటే 60 ఘనపు మీటర్ల కాంక్రీటు పడుతుంది. మందం 10కి దించితే 40తో సరిపోతుంది. ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు) ఎం-బుక్‌లో, అంటే పని కొలతలు రాసే పుస్తకంలో, 60 అనే రాస్తాడు. ఆ కొలతలు సరిచూడాల్సిన పైఅధికారి రోడ్డు మొహం చూడకుండానే చెక్ మెజర్‌మెంట్ సంతకం పెడతాడు. బిల్లు పాస్.

మరి దొరికేదెలా? 6 ఘనపు మీటర్లు పట్టే రెడీమిక్స్ లారీలైతే పది రావాలి, లోడు దించిన చలాన్లు ఏడే ఉంటాయి. కోర్ కటింగ్ చేసి, అంటే రోడ్డును గుండ్రంగా తొలిచి, తీసిన ముక్కకు స్కేలు పెడితే మందం తేలిపోతుంది. ఎం-బుక్ పేజీలకు నంబర్లుంటాయి, చింపేసే సీను మాత్రం రాయకండి. కాంక్రీటు పోసిన తేదీ కంటే కొలతల తేదీ ముందుంటే చాలు, హీరోకు దారి దొరికినట్టే.

ఎం-బుక్ నకళ్లే కాదు, ధ్రువీకరించిన మెటీరియల్ శాంపిల్ అడిగే హక్కు కూడా సమాచార హక్కు చట్టంలో ఉంది. సినిమావాళ్లెందుకో దీన్ని ముట్టుకోరు. జవాబుకు గడువు 30 రోజులు, అందుకని దరఖాస్తు కథ మొదట్లోనే పెట్టించండి.

ప్రశ్న: ఏసీబీ దాడిలో నోట్లు ముట్టుకోగానే చేతులు గులాబీ రంగులోకి మారతాయా?
– ఒక పాఠకురాలు, సింగరాయకొండ

జవాబు: మారవు. నోట్లకు పూసే ఫినాఫ్తలీన్ తెల్లటి పొడి, వేళ్లకు అంటినా కనపడదు. ఆ వేళ్లను సోడియం కార్బనేట్ కలిపిన నీళ్లలో ముంచితే నీళ్లు గులాబీ రంగుకు తిరుగుతాయి. వాటిని సాక్షులుగా పిలిచిన మధ్యవర్తుల ఎదుట సీసాలో పోసి సీలు వేస్తారు. ఆ రంగొక్కటే చూపిస్తే కేసు నిలవదు, లంచం అడిగినట్టు కూడా రుజువు కావాలి.