పాట, వీణ కలిపి ఇంట్లో రికార్డు చేయడానికి ఏ ఆడియో ఇంటర్‌ఫేస్ మంచిది?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది: మీరు పాడతారు, మీ శ్రీమతి బొబ్బిలి వీణ వాయిస్తారు. విశాఖ సీతమ్మధారలోని మీ అపార్ట్‌మెంటులోనే ఇద్దరూ ఒకేసారి రికార్డు చేసుకోవాలి. స్టేజి మైకు ఒకటి ఉంది. ఇంటర్‌ఫేస్‌కు, అంటే మైకును కంప్యూటర్‌కు కలిపే పెట్టెకు, 15 వేలు దాటకూడదు. ఫోకస్‌రైట్ స్కార్లెట్ సోలోనా, బెహ్రింగర్ యూఎంసీ 202 హెచ్‌డీనా అన్నది తేలడం లేదు. పెదవాల్తేరులో మా అక్క వయొలిన్, నా గొంతు కలిపి కొన్నేళ్లుగా ఇలాగే రికార్డు చేస్తున్నాం కాబట్టి సూటిగా చెబుతాను: 202 హెచ్‌డీ తీసుకోండి.

సోలో తక్కువదేమీ కాదు. ఒక్కరే కూర్చుని పాడుకునేవారికి నేనూ అదే చెబుతాను. కానీ దాని డబ్బా మీద ఉన్న ‘రెండు ఇన్‌పుట్లు’ అన్న మాటను కాస్త విప్పి చూడాలి. ఆ రెండింటిలో మైకు పెట్టుకోగలిగేది ఒక్కటే, రెండోది గిటారు, కీబోర్డు వంటి వాటికి. మీ గొంతుకు మైకు పెడితే వీణకు మిగిలేది పికప్ (వాయిద్యానికే తగిలించే చిన్న సెన్సర్) మాత్రమే. పికప్‌లో తీగ మీటు స్పష్టంగానే వినిపిస్తుంది కానీ పనస చెక్క నాదం రాదు. బొబ్బిలి వీణ ఇంట్లో పెట్టుకుని ఆ నాదాన్ని వదులుకోవడం నాకైతే మనసొప్పదు. కుండకు అడుగు దూరంలో, కాస్త పైనుంచి మైకు పెట్టి చూడండి, గమకం సాగుతున్నప్పుడు తేడా మీకే తెలుస్తుంది. 202 హెచ్‌డీలో రెండు మైకులకూ ప్రీఆంప్‌లు, అంటే మైకు సన్నని సిగ్నల్‌ను పెంచే భాగాలు, ఉన్నాయి. ఎప్పుడైనా పికప్పే వాడాల్సి వస్తే ముందువైపున్న ఇన్‌స్ట్రుమెంట్ బటన్ నొక్కడం మరిచిపోకండి. లైన్‌లో ఉంచితే వీణ ధ్వని పీలగా, రేకు డబ్బా మీద వాయించినట్టు వస్తుంది.

202 హెచ్‌డీకి చెప్పే 192 కిలోహెర్ట్జ్ (ధ్వనిని సెకనుకు ఎన్నిసార్లు కొలుస్తుందన్న లెక్క) అన్న అంకె చూసి మురిసిపోనక్కర్లేదు. 24 బిట్, 48 కిలోహెర్ట్జ్ పెట్టుకుంటే చాలు, ఫైళ్లూ చిన్నవిగా ఉంటాయి. అదే కంపెనీ యూఎం2 ఇంకా చవక, కానీ అందులో మైకు ఇన్‌పుట్ ఒక్కటే, అదీ 16 బిట్. చప్పట్లు, నవ్వులు వినిపించే రంగురంగుల బటన్ల ‘లైవ్ సౌండ్ కార్డు’ల జోలికి మాత్రం అసలు వెళ్లకండి.

విండోస్ లాప్‌టాప్ అయితే ముందుగా కంపెనీ వెబ్‌సైటు నుంచి ఆసియో డ్రైవరు (ధ్వని ఆలస్యాన్ని తగ్గించే సాఫ్ట్‌వేర్) వేసుకోండి. బఫర్ (కంప్యూటర్ ఒక్కో విడతలో పోగుచేసుకునే ధ్వని శాంపిళ్ల సంఖ్య) 1024 దగ్గర ఉంటే మీ గొంతు కంప్యూటర్ గుండా తిరిగి హెడ్‌ఫోన్‌లోకి వచ్చేసరికి తాళం తప్పినట్టు ఉంటుంది. 48 కిలోహెర్ట్జ్ దగ్గర ఆ బఫర్ ఒక్కటే సుమారు 21 మిల్లీసెకన్లు, వెళ్లేటప్పుడు, వచ్చేటప్పుడు రెండుసార్లు పడుతుంది. 128కి తగ్గిస్తే ఒక్కోసారికి మూడు మిల్లీసెకన్ల లోపే. అసలు ఆ గొడవే వద్దనుకుంటే మీ గొంతును కంప్యూటర్ దాకా తిప్పకుండా నేరుగా హెడ్‌ఫోన్‌లోకి పంపే డైరెక్ట్ మానిటర్ బటన్ నొక్కి పాడండి, మేమైతే ఎప్పుడూ అంతే. గెయిన్ (మైకు సిగ్నల్‌ను ఎంత పెంచాలన్న నాబ్) మాత్రం అతి గట్టిగా పాడే చోట కూడా మీటరు మైనస్ 12 డెసిబెల్స్ దాటకుండా ఉంచండి.

మిగిలిన డబ్బుతో వీణకు చిన్న కండెన్సర్ మైకు (సన్నని శబ్దాలనూ పట్టే, కరెంటు కావలసిన రకం) కొనుక్కోవచ్చు. ఇంటర్‌ఫేస్‌లోని 48 వోల్టుల ఫాంటమ్ పవర్‌తో, అంటే మైకు కేబులు గుండానే అందే కరెంటుతో, అది పనిచేస్తుంది. ఆ స్విచ్ వేసినా, సరైన ఎక్స్‌ఎల్‌ఆర్ (మూడు పిన్నుల మైకు) కేబులుతో కలిపిన మీ స్టేజి మైకుకు ప్రమాదం లేదు. అయితే కండెన్సర్ అన్నీ వింటుంది: ఫ్యాను, పక్కింటి కుక్కర్ కూత, పైన నేవీ హెలికాప్టరు. మే నెలలో ఫ్యాను ఆపి పాడటం ఎంత కష్టమో మన ఊరివాళ్లకు వేరే చెప్పాలా! మేము తెల్లవారుజామునే మొదలుపెట్టి, వీధిలో హారన్లు మొదలయ్యేసరికి ముగిస్తాం. పని కాగానే మైకును సిలికా జెల్ పొట్లాలతో గాలి చొరబడని డబ్బాలో పెట్టేయండి. సముద్రపు తేమకు కండెన్సర్ మైకు ఒక్కోసారి చిటపటలాడుతుంది.

రికార్డింగులో సన్నగా ‘గుయ్’మనే శబ్దం వస్తే ఇంటర్‌ఫేస్‌ను తిట్టుకునే ముందు లాప్‌టాప్ ఛార్జరు తీసి చూడండి. శబ్దం ఆగిపోతే గోల ఛార్జరుదో, ఇంట్లోని ఎర్తింగుదో. అప్పటికి బ్యాటరీ మీద కానిచ్చేయండి.

పాతది చవకగా వస్తోందని ఎవరైనా చెబితే గెయిన్ నాబ్‌లు రెండూ తిప్పుతూ హెడ్‌ఫోన్‌లో వినండి, వెనక యూఎస్‌బీ కేబులును కొద్దిగా కదిపి చూడండి. బీచ్ పక్క ఇంట్లో వాడిన పెట్టె అయితే జాక్‌ల లోపల తుప్పు ఉందేమో టార్చి వేసి చూశాకే డబ్బు ఇవ్వండి.