టెక్ సందేహాలు: సిగ్నల్ అందని సముద్రపు దారిలో రాత్రి బస

ప్ర: మేము కాలిఫోర్నియాలోని శాన్ హోసేలో ఉంటున్నాం. విజయవాడ నుంచి వచ్చిన అమ్మానాన్నలను సముద్రతీరం వెంట సాగే హైవే 1 మీద మాంటెరే నుంచి బిగ్ సర్ కొండల తీరం మీదుగా కేంబ్రియా వరకు తీసుకెళ్లాలనుకుంటున్నాం. దారిలో సిగ్నల్ ఉండదంటున్నారు. మ్యాప్స్ పనిచేస్తుందా? రాత్రికి అప్పటికప్పుడు ఫోన్‌లో గది చూసుకోవచ్చా?

జ: మ్యాప్స్ పనిచేస్తుంది. అప్పటికప్పుడు గది చూసుకునే ఆలోచన మాత్రం మానుకోండి.

ఫోన్ తానెక్కడుందో ఉపగ్రహాల ద్వారా తెలుసుకుంటుంది కాబట్టి జీపీఎస్‌కు సెల్ టవర్‌తో పని లేదు. సిగ్నల్ పోతే అందకుండా పోయేది మ్యాపే. ఇంట్లో వైఫై ఉండగానే గూగుల్ మ్యాప్స్‌లో మీ ప్రొఫైల్ ఫొటోను నొక్కి, ఆఫ్‌లైన్ మ్యాప్స్‌లోకి వెళ్లి, మాంటెరే నుంచి, కేంబ్రియాకు దక్షిణాన ఉన్న శాన్ లూయిస్ ఒబిస్పో దాకా డౌన్‌లోడ్ చేసుకోండి. తూర్పున ఉన్న హైవే 101 కూడా ఆ చతురస్రంలోకి వచ్చేలా చూడండి. తీరం దారి మూతపడితే మీకు దిక్కు అదే. ఐఫోన్లలో ఐఓఎస్ 17 నుంచి యాపిల్ మ్యాప్స్‌లోనూ ఈ సదుపాయం ఉంది.

ఆఫ్‌లైన్ మ్యాప్‌కు ఆ రోజు మూసిన రోడ్డు సంగతి తెలియదు. శాంటా లూసియా కొండలు నేరుగా సముద్రంలోకి దిగే ఈ దారిలో అది చిన్న లోపమేమీ కాదు. 2017 మేలో మడ్ క్రీక్ వద్ద కొండచరియ విరిగిపడితే రోడ్డు మళ్లీ తెరవడానికి 2018 జులై దాకా పట్టింది. 2021 జనవరిలో ర్యాట్ క్రీక్ వద్ద రోడ్డే కొట్టుకుపోయింది. అందుకే గది బుక్ చేసే ముందు ఒకసారి, బయలుదేరే రోజు ఉదయం మరోసారి కాలిఫోర్నియా రవాణా శాఖ కాల్‌ట్రాన్స్ వారి క్విక్‌మ్యాప్‌లో రోడ్డు తెరిచి ఉందో లేదో చూడండి. మీ బస మూసిన చోటుకు అవతల ఉంటే 101 మీదుగా చుట్టి రావడానికి గంటలు పడుతుంది.

బుకింగ్ యాప్‌లలో ఇంకో తిరకాసు ఉంది. చాలా యాప్‌లు దూరాన్ని సరళరేఖలో కొలుస్తాయి కాబట్టి, బిగ్ సర్ అని వెతికితే కొండలకు ఆవలి వైపు 101 మీదున్న కింగ్ సిటీ మోటెళ్లు కూడా పక్కనే ఉన్నట్టు కనిపిస్తాయి. నడుమ కొండలు దాటించే నాసిమియెంటో-ఫెర్గసన్ రోడ్డు ఇరుకైన మలుపుల దారి. పెద్దవాళ్లతో చీకట్లో అటు వెళ్లమని నేను చెప్పను. జాబితాను నమ్మకుండా, ఆ హోటల్‌ను మ్యాప్స్‌లో పెట్టి డ్రైవింగ్ సమయం చూశాకే డబ్బు కట్టండి. బిగ్ సర్‌లో గదులు తక్కువ, అద్దెలు ఎక్కువ. మీ వరకైతే కేంబ్రియా లేదా దాని దగ్గరే ఉన్న శాన్ సిమియన్‌లో ముందే బుక్ చేసుకోవడం మేలు.

టెంటు వేసుకుంటామంటే ఫైఫర్ బిగ్ సర్ స్టేట్ పార్క్‌కు రిజర్వ్ కాలిఫోర్నియా సైట్‌లోనూ, అటవీశాఖ కింద ఉన్న కర్క్ క్రీక్‌కు రిక్రియేషన్ డాట్ గవ్‌లోనూ 6 నెలల ముందు నుంచే బుకింగ్ మొదలవుతుంది. బిగ్ సర్‌లో హైవే పక్కన కారు ఆపుకొని రాత్రి నిద్రపోవడం నిషిద్ధం, జరిమానా వేస్తారు.

రిసెప్షన్‌లో మనిషి లేని బసలు కొన్ని తలుపు కోడ్‌ను మెయిల్‌లోనో మెసేజ్‌లోనో పంపుతాయి. ఆ కోడ్‌నూ, బుకింగ్ నంబరునూ, చిరునామానూ మాంటెరే పక్కనే ఉన్న కార్మెల్ దాటకముందే, సిగ్నల్ ఉండగానే స్క్రీన్‌షాట్ తీసి, కారులో ఉన్న రెండో ఫోన్‌కు కూడా పంపించండి.