బూట్ అయినంత మాత్రాన పెన్‌డ్రైవ్ బాగున్నట్టు కాదు

మీ ల్యాప్‌టాప్‌లో ఉబుంటు 24.04 అనే లినక్స్ వ్యవస్థను వేయడానికి పెన్‌డ్రైవ్ నుంచి నడిపిన ఇన్‌స్టాలర్ ఒకసారి భాష ఎంచుకునే చోట మూసుకుపోయిందనీ, మరోసారి ఫైళ్లు కాపీ అవుతుండగా ఆగిపోయిందనీ, గ్రాఫిక్స్ డ్రైవర్‌ను పక్కన పెట్టించే నోమోడ్‌సెట్ అనే బూట్ ఆప్షన్ పెట్టినా మార్పు లేదనీ రాశారు. ఇందులో నాకు ముఖ్యంగా కనిపించింది చోటు మారడం. గ్రాఫిక్స్ డ్రైవర్‌తోనో బయోస్ (ల్యాప్‌టాప్ ఆన్ కాగానే ముందుగా నడిచే ప్రోగ్రామ్) సెట్టింగ్‌తోనో పేచీ ఉంటే సాధారణంగా ప్రతిసారీ ఒకే చోట ఆగుతుంది. చోటు మారుతూ ఉంటే నేను ముందు పెన్‌డ్రైవ్‌ను, ఆ తరువాత ర్యామ్‌ను అనుమానిస్తాను.

2023లో కూకట్‌పల్లిలోని మా అక్క ఇంట్లో, అప్పుడే ఇంజనీరింగ్‌లో చేరిన మేనల్లుడి ల్యాప్‌టాప్‌లో ఉబుంటు 22.04 వేయడానికి కూర్చున్నాను. బూట్ మొదట్లో కనిపించే గ్రబ్ మెనూలో ‘ఈ’ నొక్కడం, లినక్స్ అని మొదలయ్యే వరుస చివర నోమోడ్‌సెట్ చేర్చడం, ఎఫ్10 నొక్కడం, మళ్లీ మొదటికి రావడం: రాత్రి పన్నెండు దాకా ఇదే పని. సరైన డిజిటల్ సంతకం లేనిదాన్ని బూట్ కానివ్వని సెక్యూర్ బూట్ కూడా ఆపి చూశాను. చివరికి ఇన్‌స్టాలర్ బిగుసుకుపోయినప్పుడు అక్షరాల తెరకు మారడానికి కంట్రోల్, ఆల్ట్, ఎఫ్4 కలిపి నొక్కాను. నల్లని తెర నిండా ‘స్క్వాష్‌ఎఫ్‌ఎస్ ఎర్రర్’ అన్న వరుసలు, వాటి మధ్య ‘బఫర్ ఐఓ ఎర్రర్’, పక్కనే ‘ఎస్‌డీఏ’ అన్న పేరు కనిపించాయి. ఆ ల్యాప్‌టాప్‌లోని డిస్క్ ఎన్‌వీఎంఈ రకానిది, దాని పేరు వేరుగా ఉంటుంది. కాబట్టి ఎస్‌డీఏ అంటే పెన్‌డ్రైవే. తాకి చూస్తే వేలు ఆనించలేనంత వేడిగా ఉంది.

ఉబుంటు ఐఎస్‌ఓలో, అంటే పెన్‌డ్రైవ్‌లోకి రాసే ఇన్‌స్టాలర్ ఫైలులో, వ్యవస్థ చాలావరకు స్క్వాష్‌ఎఫ్‌ఎస్ అనే కుదించిన రూపంలో ఉంటుంది. ఏ ముక్క కావలసి వస్తే ఆ ముక్కను అప్పటికప్పుడు చదివి విప్పుకుంటుంది. అందువల్ల చెడిన ముక్క అవసరం పడేదాకా అంతా సవ్యంగానే నడుస్తున్నట్టు కనిపిస్తుంది.

డౌన్‌లోడ్ చేసుకున్న ఐఎస్‌ఓ ఎస్‌హెచ్‌ఏ256 విలువను (ఫైలులోని సమాచారం నుంచి లెక్కగట్టే, వేలిముద్ర లాంటి సంఖ్య) ఉబుంటు ప్రచురించిన విలువతో పోల్చడం తప్పనిసరి. అయితే అది మీ డిస్క్‌లోని ఫైలు గురించి మాత్రమే చెబుతుంది, పెన్‌డ్రైవ్‌లోకి ఏమి చేరిందో చెప్పదు. ఐఎస్‌ఓను పెన్‌డ్రైవ్‌లోకి రాసే బలేనా ఎచర్ అనే ప్రోగ్రామ్‌తో రాస్తే అది తానే తిరిగి చదివి సరిచూస్తుంది. తొందరపడి ఆ దశను దాటవేయకండి. లినక్స్‌లోని డీడీ కమాండ్‌తో రాస్తే పెన్‌డ్రైవ్‌ను ఒకసారి తీసి మళ్లీ పెట్టి, ఐఎస్‌ఓ పరిమాణం మేరకు రెండింటినీ బైటు బైటుగా సరిచూసే సీఎంపీ కమాండ్‌తో పోల్చండి. తీసి పెట్టకపోతే అది పెన్‌డ్రైవ్‌ను కాకుండా ర్యామ్‌లో మిగిలిన ప్రతినే చదివి అంతా బాగుందని చెప్పే ప్రమాదం ఉంది. ఈ పోలిక బూట్ చేయకముందే జరగాలి. ఒకసారి బూట్ అయితే ఉబుంటు మిగిలిన ఖాళీలో తన లాగ్‌ల కోసం ఒక విభాగం సృష్టించుకుంటుంది కనుక, మంచి పెన్‌డ్రైవ్‌లోనూ తేడా వస్తుంది.

నా పెన్‌డ్రైవ్ రోడ్డు పక్కన కొన్నది. దాని మీద 32 జీబీ అని ముద్రించి ఉంది. ఎఫ్3 అనే ఉచిత సాధనంతో నింపి తిరిగి చదివిస్తే నిజంగా నిలిచింది 4 జీబీ కూడా లేదు. ఉబుంటు 24.04 ఐఎస్‌ఓ సుమారు 6 జీబీ ఉంటుంది కాబట్టి మీరు ఈ పరీక్ష తప్పక చేయండి. మరునాడు సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ దుకాణాల సముదాయం సీటీసీలో బిల్లుతో మరొకటి కొని రాశాను. ఇన్‌స్టాలేషన్ మొదటి ప్రయత్నంలోనే పూర్తయింది.

పోలిక సరిపోయినా ఇన్‌స్టాలర్ పడిపోతుంటే, హబ్ లేకుండా వేరే పోర్టులో పెట్టి చూడండి. అదీ కాకపోతే ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86+ను రాత్రంతా నడపండి. 6వ వెర్షన్ నుంచి అది యూఈఎఫ్‌ఐ (పాత బయోస్ స్థానంలో వచ్చినది) ల్యాప్‌టాప్‌లలోనూ బూట్ అవుతుంది. ఒక్క ఎర్రర్ వచ్చినా, ర్యామ్ స్టిక్కులు రెండు ఉంటే ఒక్కొక్కదాన్ని విడిగా పెట్టి మళ్లీ పరీక్షించండి.