ప్రొఫెసర్ దగ్గర రీసెర్చ్: జీతమా, క్రెడిట్లా?

ప్రశ్న: మా అబ్బాయి అమెరికాలో ఎఫ్-1 వీసా మీద బీఎస్ రెండో ఏడాది చదువుతున్నాడు. ఒక ప్రొఫెసర్ వచ్చే సెమిస్టర్ తన ల్యాబ్‌లో పనిచేయమన్నారు. 3 క్రెడిట్లైనా (డిగ్రీ పూర్తికి లెక్కలోకి వచ్చే పాయింట్లు) తీసుకోవచ్చు, లేదా గంటకు 15 డాలర్ల చొప్పున వారానికి 10 గంటలకు జీతమైనా తీసుకోవచ్చట. రెండూ కుదరవట. ఎడ్యుకేషన్ లోన్ ఉంది కదా, జీతమే తీసుకోమంటున్నాను. వాడు క్రెడిట్లంటున్నాడు. – ఒక తండ్రి, గుంటూరు

జవాబు: ఇప్పుడే ఎవరి పక్షమూ తీసుకోనండి. ముందు అబ్బాయిని ఫీజు బిల్లు, డిగ్రీ ఆడిట్ (డిగ్రీకి ఇంకా ఏ కోర్సులు మిగిలాయో చూపే పత్రం) పంపమనండి.

15 వారాల సెమిస్టర్‌కి జీతం 2,250 డాలర్లు. ఇక క్రెడిట్ల విలువ అవి డిగ్రీలో ఎక్కడ పడతాయన్న దాన్ని బట్టి ఉంటుంది. ఫీజు క్రెడిట్ లెక్కన కడుతున్నారనుకుందాం, క్రెడిట్‌కి వెయ్యి డాలర్లు. ఆ 3 క్రెడిట్లు ఏ అవసరానికీ పనికిరాకపోతే, 3,000 డాలర్లు ఎదురిచ్చి పనిచేసినట్టే. ఎలాగూ చదవాల్సిన ఎలక్టివ్‌కి (విద్యార్థి తనకు నచ్చినది ఎంచుకునే కోర్సుకి) బదులుగా పడితే అదనపు ఖర్చు లేదు, పైగా ఒక కోర్సు బరువు తగ్గుతుంది. చాలా యూనివర్సిటీల్లో 12 నుంచి 18 క్రెడిట్ల దాకా ఒకటే ఫీజు. అలాంటిచోట క్రెడిట్లవల్ల డబ్బు మిగలాలంటే చదువు ఒక సెమిస్టర్ ముందే పూర్తవ్వాలి. అది నిజంగా కుదిరేలా ఉంటే మీవాడి మాటే రైటు, 2,250 దాని ముందు ఏ మూలకీ రాదు.

కుదరకపోతే ఈసారికి జీతం తీసుకోమనండి. ఎలక్టివ్‌లు మిగిలే మూడో, నాలుగో ఏట అదే ల్యాబ్‌లో క్రెడిట్లకు చేయవచ్చేమో ప్రొఫెసర్‌నే అడగమనండి. అడిగితే తప్పు పట్టరు.

జీతం ఎంచుకుంటే మాత్రం మిగతా కోర్సులతోనే 12 క్రెడిట్లు నిండాలి. తగ్గితే వీసాకే ఇబ్బంది. క్లాసులు జరిగే రోజుల్లో క్యాంపస్ ఉద్యోగాలన్నీ కలిపి వారానికి 20 గంటలు దాటకూడదు. క్యాంటీన్‌లో పార్ట్‌టైమ్ చేస్తుంటే ఆ గంటలూ ఇందులోకే వస్తాయి.

వేసవిలో ఎన్‌ఎస్‌ఎఫ్ (అమెరికా ప్రభుత్వ సైన్స్ నిధుల సంస్థ) వారి ఆర్‌ఈయూ అనే డిగ్రీ విద్యార్థుల రీసెర్చ్ పథకం నుంచి స్టైపెండ్ వస్తుందని ఇంటి బడ్జెట్‌లో రాసుకోకండి. అది అమెరికా పౌరులకు, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకే.

మొదటి పే స్లిప్ రాగానే సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ (అక్కడి పింఛను, వృద్ధుల వైద్య బీమా పన్నులు) కింద ఏమైనా కోశారేమో చూడమనండి. ఎఫ్-1 విద్యార్థికి మొదటి ఐదు క్యాలెండర్ సంవత్సరాలు ఆ 7.65 శాతం కోత ఉండదు. పొరపాటున కోస్తే 2,250లో దాదాపు 172 డాలర్లు పోతాయి. వెంటనే పేరోల్ ఆఫీసుకు చెబితే వెనక్కి ఇస్తారు.